ఇంటి నెట్‌వర్క్ కథ: తలుపులు తెరిచి పెట్టిన కాలం నుంచి తాళాల కాలం దాకా



ఇన్నాళ్ళూ వలసల గురించి, పాత ఊళ్ళ పేర్ల గురించి, కులదైవాల గుళ్ళ గురించి రాస్తా వచ్చినాము. ఈసారి రాసే చరిత్ర అంత పాతది కాదు. దాని వయసు యాభై ఏళ్ళకు కొంచెం ఎక్కువ. అయితే అది మన అందరి ఇళ్ళల్లోనూ గోడ వెంబడి, మంచం కింద, టీవీ వెనక పోతా ఉంది. ఇంటి కంప్యూటర్ నెట్‌వర్క్ చరిత్ర.

ఇప్పుడెందుకు ఇది అంటే, మనవాళ్ళలో ఎవరింటికి పోయినా రెండు ఫిర్యాదులు వినపడతా ఉండాయి. పెద్దవాళ్ళది ఒకటి: "పాత ఫోటోల ఫోల్డర్ నిన్నటి దాకా తెరుచుకునేది, కొత్త కంప్యూటర్ కొన్నాక తెరుచుకోలేదు." పిలకాయలది ఇంకొకటి: "తాతా, ఇద్దరం ఒకే ఇంట్లో కూర్చోని ఉండాం, అన్న పెట్టిన ఆట నాకు కనపడలేదు." ఈ రెండింటికీ చాలామంది చెప్పే మందు ఒకటే. ఫైర్‌వాల్ ఆపెయ్యండి, పాస్‌వర్డ్ తీసెయ్యండి, పాత ఎస్ఎంబి ఆన్ చెయ్యండి. ఆ మందు పని చేస్తుంది కూడా. రోగం కంటే ఆ మందే ప్రమాదం అని చెప్పడానికే ఇంత పొడుగు రాస్తా ఉండాము.

మన పాత ఇళ్ళను తలుచుకోండి. తాత కాలంలో తిన్నె, నడవ. నాయన కాలంలో మిద్దె. కొడుకు కాలంలో ఇనప గ్రిల్లు, గేటు. ఒకటే ఇల్లు, మూడు కాలాల పని. ఎక్కడ నీళ్ళు కారతా ఉండాయో చూసేటప్పుడు మేస్త్రీ ముందు అడిగేది, ఈ గోడ ఎప్పుడు కట్టింది అని. ఇంటి నెట్‌వర్కు కూడా అట్లాంటిదే. తీగ ఒక కాలానిది, నెంబరు ఒక కాలానిది, పేరు ఒక కాలానిది, తాళం ఒక కాలానిది, వీధి గేటు ఇంకొక కాలానిది. ఏది ఎప్పుడు, ఎందుకు వచ్చిందో తెలిస్తే చిక్కు ఎక్కడుందో వెతకడం తెలుస్తుంది.

ఇంకొక సంగతి కూడా ముందే చెప్పాల. ఈ సామాను ఏదీ ఇంటి కోసం పుట్టలేదు. ఆఫీసుల కోసం పుట్టింది. మా రైల్వేలో తీగ తెగినా, యంత్రం ఆగినా చూసేదానికి సిగ్నల్, టెలికాం అని ఒక శాఖే ఉంది. ఆఫీసు నుంచి యంత్రం ఇంటికి వచ్చింది, దాన్ని చూసుకునే శాఖ రాలేదు. ఇంట్లో ఆ శాఖ అంతా మన పన్నెండేళ్ళ మనవడే.

1. తీగ

1971లో హవాయి విశ్వవిద్యాలయంలో నార్మన్ అబ్రామ్‌సన్ బృందం దీవుల మధ్య కంప్యూటర్లను రేడియోతో కలిపింది. దాని పేరు అలోహా నెట్. అందరికీ ఒకటే రేడియో దారి. ఎవరికి అవసరమైతే వాళ్ళు పంపడమే. ఇద్దరు ఒకేసారి పంపితే రెండూ చెడతాయి, అప్పుడు కాసేపు ఆగి మళ్ళీ పంపాల.

ఆ పద్ధతిని చదివి, మెరుగు పెట్టి, తీగ మీదికి తెచ్చినవాడు రాబర్ట్ మెట్‌కాఫ్. కాలిఫోర్నియాలో జెరాక్స్ కంపెనీ పరిశోధన కేంద్రంలో 1973 మే 22న ఆయన రాసిన ఆఫీసు నోటులో ఈథర్‌నెట్ అనే పేరు మొదటిసారి కనపడుతుంది. డేవిడ్ బాగ్స్ ఆయనతో కలిసి దాన్ని తయారు చేసినాడు. అక్కడ అవసరం ఏమిటంటే, ఖరీదైన లేజర్ ప్రింటరు ఒకటి, దాన్ని వాడుకోవాల్సిన కంప్యూటర్లు చాలా. అంటే నెట్‌వర్కు మొదటి నుంచీ, ఒకరి దగ్గర ఉండేదాన్ని నలుగురు వాడుకోవడం కోసమే పుట్టింది.

ఈథర్‌నెట్ మర్యాద తిన్నె మీద కూర్చొని మాట్లాడుకునేవాళ్ళ మర్యాదే. ఎవరూ మాట్లాడకపోతే నువ్వు మాట్లాడు. ఇద్దరు ఒకేసారి నోరు తెరిస్తే ఇద్దరూ ఆపి, కొంచెం ఆగి, మళ్ళీ మొదలుపెట్టండి. దీనికి పోటీగా ఐబిఎం 1985లో టోకెన్ రింగ్ తెచ్చింది. మా రైల్వేవాళ్ళకు అది వెంటనే అర్థమవుతుంది. ఒంటి లైను సెక్షన్లలో నీల్స్ బాల్ టోకెన్ అని ఉంటుంది. రెండు స్టేషన్లలో రెండు పెట్టెలు, వాటిలో ఇనప గుండ్లు. ఒక గుండు బయటికి వస్తే, అది మళ్ళీ ఏదో ఒక పెట్టెలో పడేదాకా రెండో గుండు బయటికి రాదు. ఆ గుండు చేతికి రాకుండా డ్రైవరు బండిని సెక్షన్‌లోకి తీసుకుపోడు. టోకెన్ రింగులో కూడా అంతే, టోకెన్ వచ్చినవాడే మాట్లాడాల. గుద్దుకోవడం అనేదే లేదు. బండ్లకు అది తప్పనిసరి. కంప్యూటర్లకు మాత్రం గుద్దుకున్నా ప్రాణాలు పోవు కాబట్టి, చవకగా దొరికే ఈథర్‌నెట్టే గెలిచింది.

1980లలో, 90ల మొదట్లో ఆ తీగ ఇప్పటిది కాదు. టీవీ కేబుల్ మాదిరి గుండ్రని కోయాక్సియల్ తీగ. ఒక కంప్యూటర్ నుంచి ఇంకొక కంప్యూటర్‌కు, అక్కడ నుంచి ఇంకొకదానికి, వరుసగా 185 మీటర్ల దాకా పోవచ్చు. రెండు చివర్లలో 50 ఓముల మూత బిగించాల. ఎక్కడ ఒక్కచోట వదులైనా అందరికీ పోయినట్టే. ఆ కాలపు కథ ఒకటి ఉంది. నెట్‌వర్కు పరీక్షకు మనం ఈరోజు కూడా వాడే పింగ్ అనే చిన్న ప్రోగ్రామును అమెరికా సైనిక పరిశోధనశాలలో పనిచేసే మైక్ మూస్ 1983 డిసెంబరులో రాసినాడు. జలాంతర్గాములను వెతికే సోనార్ శబ్దమే దాని పేరు. ఒకచోట ఒకాయన, జవాబు వచ్చినప్పుడల్లా కంప్యూటర్ "పింగ్" అని గట్టిగా అరిచేటట్టు పెట్టి, భవనమంతా తిరుగుతా ఒక్కొక్క కనెక్టర్‌ను కదిలించి చూసినాడంట. ఎక్కడ కదిలిస్తే అరుపు ఆగిందో అక్కడే తప్పు. ఈ సంగతి మూస్ తానే రాసిపెట్టినాడు.

1990లో మెలి తిప్పిన జతల తీగ ప్రమాణంగా వచ్చింది. ఇప్పుడు మన ఇళ్ళల్లో ఉండే నీలం, బూడిదరంగు కేబుల్ ఆ వంశమే. ప్రతి కంప్యూటర్‌కూ హబ్ దాకా సొంత తీగ, 100 మీటర్ల దాకా. ఒకరిది తెగితే ఒకరికే పోతుంది. హబ్ లేకుండా రెండు కంప్యూటర్లను నేరుగా కలపాలంటే లోపల జతలు మార్చిన క్రాసోవర్ తీగ కావాల్సి వచ్చేది. ఇప్పటి కార్డులు ఆ మార్పును తామే చేసుకుంటాయి కాబట్టి ఆ తీగ కోసం ఇప్పుడు వెతకనక్కర లేదు.

ఈ చరిత్ర నుంచి మొదటి పాఠం: ముందు తీగ చూడండి. సాకెట్ పక్కన దీపం వెలుగుతా ఉందా? ఫైలు కాపీ వేగం హఠాత్తుగా పదోవంతుకు పడిపోయిందా? గిగాబిట్ వేగానికి తీగలోని నాలుగు జతలూ కావాల, 100 మెగాబిట్లకు రెండు జతలు చాలు. అందుకే ఒక జత తెగితే చాలాసార్లు నెట్ ఆగదు, కుంటుతుంది. ఎలుక కొరికిన తీగకు కంప్యూటర్‌ను ఫార్మాట్ చేయించిన ఇళ్ళు ఉండాయి.

తరవాత కథ మళ్ళీ రేడియోకే వచ్చింది. 1997లో వైఫై మొదటి ప్రమాణం, 1999లో 11 మెగాబిట్ల రకం. మన దేశంలో 2005 జనవరిలో 2.4 గిగాహెర్ట్జ్ రేడియో దారిని లైసెన్సు లేకుండా వాడుకోవచ్చని ప్రభుత్వం ఉత్తర్వు ఇచ్చింది. అదే నెలలో బిఎస్ఎన్ఎల్ బ్రాడ్‌బ్యాండ్ కూడా మొదలైంది. మన వీధుల్లో ఇంటి నెట్‌వర్కు అనేది నిజంగా పుట్టింది అప్పుడే. వైఫైలో అందరికీ మళ్ళీ ఒకటే గాలి. పక్కింటి రూటరు, మన రూటరు ఒకే దారిలో మాట్లాడుకుంటా ఒకరి కోసం ఒకరు ఆగుతా ఉంటాయి. సినిమా చూసేదానికి ఆ ఆగడం తెలియదు, ముందే కొంత తెచ్చి పెట్టుకుంటుంది కాబట్టి. ఆటకు తెలుస్తుంది. ఆటలో కావాల్సింది పెద్ద వేగం కాదు, ఆలస్యం లేకపోవడం. అందుకే ఆట ఆడే కంప్యూటర్‌కు వీలైతే తీగ వెయ్యండి.

2. నెంబరు

తీగ బాగుంటే తరవాత చూడాల్సింది నెంబరు, అంటే ఐపీ అడ్రసు. 1990లలోనే ప్రపంచంలో ఈ నెంబర్లు చాలవని తెలిసిపోయింది. 1994లో ఒక ఉపాయం రాసినారు. ఇంటి లోపల ఎన్ని యంత్రాలున్నా బయటికి ఒకే నెంబరుతో పోవడం. 1996 ఫిబ్రవరిలో ఇళ్ళ లోపల, ఆఫీసుల లోపల వాడుకోవడానికని కొన్ని నెంబర్లను విడిచిపెట్టినారు. 192.168తో మొదలయ్యేవన్నీ అవే. అందుకే మీ ఇంట్లోనూ 192.168.1.1, మా ఇంట్లోనూ 192.168.1.1. ప్రతి ఊళ్ళోనూ గాంధీ రోడ్డు ఉన్నట్టు. ఊరి లోపల అది సరిపోతుంది, ఊరి పేరు లేకుండా బయటివాళ్ళకు అది చాలదు.

ఈ నెంబర్లను మొదట్లో చేత్తోనే రాసి పెట్టేవాళ్ళు. ఒకే నెంబరు ఇద్దరికి పడితే ఇద్దరికీ కష్టం. 1993లో డిహెచ్‌సిపి వచ్చినాక రూటరే అడిగినవాళ్ళకు నెంబరు ఇస్తుంది. ఇవ్వకపోతే? విండోస్ 98 నుంచి కంప్యూటర్ తనకు తానే 169.254తో మొదలయ్యే నెంబరు పెట్టుకుంటుంది. మీ కంప్యూటర్‌లో ఆ నెంబరు కనపడితే అర్థం ఒకటే: రూటరుతో దానికి మాట కుదరలేదు. ఇంకెక్కడా వెతకొద్దు, మళ్ళీ తీగకో వైఫై పాస్‌వర్డ్‌కో పోండి.

మన ఇళ్ళల్లో ఎక్కువగా వచ్చే చిక్కు ఇంకొకటి. ఇంటర్నెట్ కంపెనీ ఇచ్చిన పెట్టె ఒకటి, మిద్దె మీదికి సిగ్నల్ చాలలేదని మనం కొన్న రూటరు ఒకటి. రెండూ నెంబర్లు పంచుతా ఉంటాయి. కింద ఉన్నవాళ్ళకు 192.168.1, పైన ఉన్నవాళ్ళకు 192.168.0. ఇంటర్నెట్ ఇద్దరికీ వస్తుంది, అందుకే ఎవరికీ అనుమానం రాదు. ఒకరి ఫోల్డరు ఒకరికి, ఒకరి ఆట ఒకరికి కనపడదు. ఒక ఇంటి మధ్యలో రెండో వీధి గోడ కట్టినట్టు. రెండో పెట్టెను యాక్సెస్ పాయింట్‌గా మారిస్తే ఆ గోడ పోతుంది. గెస్ట్ వైఫై కూడా అట్లాంటి గోడే. చుట్టాల ఫోన్ల కోసం పెట్టిన దాంట్లో మనవడి ల్యాప్‌టాప్ చేరి ఉంటే, తప్పు ల్యాప్‌టాప్‌ది కాదు.

3. పేరు

నెంబర్లు యంత్రాలకు. మనుషులకు పేర్లు కావాల. 1983లో ఐబిఎం కోసం సైటెక్ అనే కంపెనీ నెట్‌బయోస్ అనే పద్ధతి తయారు చేసింది. దాంట్లో పేరు తెలుసుకోవడం ఎట్లంటే, నడవలో నిలబడి కేక వెయ్యడమే. "ఫలానా పేరుగలవాళ్ళు ఉండారా?" అంటే ఉన్నవాడు "ఉండా" అంటాడు. పేరు కూడా 15 అక్షరాలే. దాదాపు అదే కాలంలో ఐబిఎంలో బారీ ఫైగెన్‌బామ్ ఫైళ్ళను పంచుకునే పద్ధతి రాసినాడు. దాని పేరే ఎస్ఎంబి. మైక్రోసాఫ్ట్ దాన్ని తీసుకొని 1992లో విండోస్ ఫర్ వర్క్‌గ్రూప్స్‌లో, 1995లో విండోస్ 95లో పెట్టింది. తెర మీద నెట్‌వర్క్ నైబర్‌హుడ్ అని బొమ్మ వచ్చింది. నైబర్‌హుడ్ అంటే ఇరుగుపొరుగు. ఆ పేరులోనే ఆ కాలపు మనసు ఉంది. నొక్కితే ఇరుగుపొరుగు కంప్యూటర్లన్నీ కనపడాల.

కనపడేవా అంటే, ఒక్కోసారి. ఆ జాబితా రాసే పని కోసం కంప్యూటర్లు తమలో తాము ఎన్నిక పెట్టుకునేవి. గెలిచినది జాబితా రాస్తుంది. మిగిలినవి మామూలుగా 12 నిమిషాలకు ఒకసారి "నేను ఉండా" అని చెప్పాల. మూడుసార్లు చెప్పకపోతేనే పేరు కొట్టేస్తారు. అందుకని ఆపేసిన కంప్యూటరు అరగంట దాకా జాబితాలో ఉండేది, ఇప్పుడే ఆన్ చేసినది కనపడేది కాదు. ఆ రోజుల్లో "కాసేపు ఆగు, వస్తుంది" అని చెప్పేవాళ్ళు సోమరులు కాదు, నిజమే చెప్పినారు.

1992 ప్రాంతంలో ఆస్ట్రేలియాలో కాన్‌బెర్రాలో చదువుకుంటా ఉన్న ఆండ్రూ ట్రిడ్జెల్ అనే విద్యార్థి, తీగ మీద పోయే మాటలను గమనించి, ఎస్ఎంబి ఎట్ల పని చేస్తుందో కనుక్కొని, యూనిక్స్ యంత్రాల కోసం తానే ఒకటి రాసి అందరికీ ఉచితంగా ఇచ్చినాడు. ఎస్, ఎం, బి అక్షరాలున్న మాట కోసం నిఘంటువు వెతికి సాంబా అని పేరు పెట్టినాడు. ఈరోజు మన ఇళ్ళల్లో హార్డ్ డిస్కులు పెట్టిన నిల్వ పెట్టెలు చాలావాటి లోపల ఉండేది సాంబానే.

ఆటల కథ కూడా ఇక్కడే కలుస్తుంది. 1993 డిసెంబరు 10న డూమ్ ఆట వచ్చింది. ఒకే నెట్‌వర్కులో నలుగురు ఆడవచ్చు. దాని మొదటి రూపం ప్రతి కదలికనూ ఆ ఆటగాళ్ళకే చెప్పకుండా నెట్‌వర్కులో ఉన్న యంత్రాలన్నిటికీ కేక వేసి చెప్పేది. నలుగురు ఆడితే ఆఫీసంతా నిలిచిపోయేది. ఆఫీసులు, కాలేజీలు ఆ ఆటను నిషేధించినాయి. తరవాతి రూపంలో ఆ తప్పు దిద్దినారు. 1996లో వచ్చిన క్వేక్ ఇంటర్నెట్ పద్ధతిలో ఒక సర్వరును మధ్యలో పెట్టి ఆడించింది. 2000 తరవాత మన ఊళ్ళ బ్రౌజింగ్ సెంటర్లలో పిలకాయలు గంటలకు డబ్బు కట్టి ఆడిన కౌంటర్ స్ట్రైక్ ఆ వంశంలోదే.

ఇప్పటికీ ఒకే ఇంట్లో ఆట కనపడాలన్నా, ఫోల్డరు కనపడాలన్నా ముందు జరిగేది ఆ కేకే. ఆ కేక రూటరును దాటి పోదు. వైఫైలో కొన్ని రూటర్లు ఒక యంత్రం కేకను ఇంకొకదానికి వినిపించవు. కాబట్టి పెద్దవాళ్ళ ఫిర్యాదు, పిలకాయల ఫిర్యాదు చాలాసార్లు ఒకటే. పరీక్ష సులభం. పేరుతో కాకుండా నెంబరుతో పిలిచి చూడండి. ఫోల్డరు అయితే అడ్రసు పట్టీలో రెండు వెనక్కి వాలిన గీతలు పెట్టి పక్కనే 192.168.1.10 లాంటి నెంబరు రాయండి. ఆట అయితే చేరే చోట ఆ నెంబరే ఇవ్వండి. తెరుచుకుంటే తీగ, నెంబరు, తాళం అన్నీ సరే, చెడింది పేరు పిలిచే పని ఒక్కటే. ఆ యంత్రానికి రూటరులో మారని నెంబరు ఇప్పించి పెట్టుకుంటే ఇక ఆ తలనొప్పి ఉండదు.

పేర్లతో మన భాషవాళ్ళకు ప్రత్యేకంగా ఇంకొక చిక్కు ఉంది. మన ఇళ్ళల్లో ఫైళ్ళకు కొందరు తెలుగులో పేర్లు పెడతారు, కొందరు తమిళంలో పెడతారు, మాలాగా తమిళ బడిలో చదివినవాళ్ళు తెలుగు మాటనే తమిళ అక్షరాల్లో రాస్తారు. విండోస్ 98కు ఈ అక్షరాలేవీ తెలియవు. విండోస్ 2000లో తమిళం వచ్చింది, తెలుగు విండోస్ ఎక్స్‌పితో 2001లో వచ్చింది. సాంబాకు యూనికోడ్ 2003లో వచ్చింది. అంతకు ముందు కాలపు యంత్రాన్ని ఇంకా నడిపిస్తా ఉంటే, దాని నుంచి చూసినప్పుడు "అవ్వ పాటలు" అనే ఫోల్డరు ప్రశ్నార్థకాల వరుసగా కనపడుతుంది. ఫైలు చెడిపోయిందని తుడిచెయ్యొద్దు. చదవలేనిది యంత్రం.

4. తాళం

ఇప్పుడు అసలు సంగతికి వస్తాము. విండోస్ 95, 98 కాలంలో ఫోల్డరు పంచడం అంటే తలుపు తీసి పెట్టడమే. కావాలంటే ఫోల్డరుకు ఒక పాస్‌వర్డ్, లేకుంటే అదీ లేదు. ఎవరు వచ్చినారని అడగడం లేదు. గోడల లోపల ఉన్నవాళ్ళందరూ మనవాళ్ళే అనే నమ్మకం మీద కట్టిన ఇల్లు అది. ఆఫీసులో, టెలిఫోన్ తీగ తగలని కాలంలో ఆ నమ్మకం సరే. ఇంటర్నెట్ వచ్చినాక గోడకు అవతలి పక్క ప్రపంచమంతా నిలబడింది.

2003 ఆగస్టులో బ్లాస్టర్ అనే పురుగు విండోస్ యంత్రాలను మనిషి చెయ్యి పడకుండానే ఒకదాని నుంచి ఒకదానికి పట్టుకొనింది. ఏడాదికి, 2004 ఆగస్టులో, ఎక్స్‌పి రెండో సర్వీస్ ప్యాక్ వచ్చింది. దాంతో ఫైర్‌వాల్ మొదటిసారి తనంతట తానే ఆన్ అయి వచ్చింది. ఆ రోజు నుంచి "నిన్న తెరుచుకున్నది ఈ పొద్దు తెరుచుకోలేదు" అనే మాట మొదలైంది. 2007లో విస్టా వచ్చినాక కంప్యూటర్ కొత్త నెట్‌వర్కును చూసినప్పుడు ఇది ఇల్లా, బయటి చోటా అని అడగడం మొదలుపెట్టింది. ఆ ప్రశ్నకు చదవకుండా పబ్లిక్ అని నొక్కితే మన ఇంట్లోనే మనం ముసుగు వేసుకొని కూర్చున్నట్టు. చాలా ఇళ్ళల్లో రోగం ఇంతే. దాన్ని ప్రైవేట్ అని మారిస్తే చాలు, ఫైర్‌వాల్ జోలికి పోనక్కర లేదు. 2009లో విండోస్ 7తో హోమ్‌గ్రూప్ అని సులభ పద్ధతి తెచ్చినారు, 2018లో తీసేసినారు. దాని మీద నమ్మకం పెట్టుకున్న ఇళ్ళల్లో ఒక అప్‌డేట్‌తో హోమ్‌గ్రూప్ మాయమైంది.

2017 మే 12న వానాక్రై వచ్చింది. ఎస్ఎంబి మొదటి రకంలోని లోపం గుండా దూరి, యంత్రంలోని ఫైళ్ళకు తాళం వేసి, డబ్బు అడిగేది. 150 దేశాల దాకా పాకింది. బ్రిటన్‌లో ఆసుపత్రులు రోగులను వెనక్కి పంపినాయి. ఆంధ్రప్రదేశ్‌లో కొన్ని పోలీసు కంప్యూటర్లు కూడా చిక్కుకున్నాయి. ఆ లోపానికి మందు మార్చి 14నే, అంటే రెండు నెలల ముందే, విడుదలైంది. వేసుకోనివాళ్ళ యంత్రాలే చెడినాయి. ఆ ఏడాది చివర వచ్చిన విండోస్ 10 రూపం నుంచి ఎస్ఎంబి మొదటి రకం మామూలుగా ఉండదు. పాత నిల్వ పెట్టెలు, పాత ప్రింటర్ల స్కానర్లు అప్పుడే మూగవైనాయి. 2024లో విండోస్ 11 కొత్త రూపం ఇంకొక తాళం బిగించింది. ప్రతి మాటకూ సంతకం ఉండాల, పాస్‌వర్డ్ లేని గెస్ట్ దారి చాలా యంత్రాల్లో మూత. కొత్త కంప్యూటర్ కొన్నవాళ్ళకు పాత పెట్టె తెరుచుకోకపోవడానికి కారణం చాలాసార్లు ఇదే.

అంటే ఒక్కొక్క తాళం వెనక ఒక దోపిడీ ఉంది. తాళం తీసెయ్యమని చెప్పేవాళ్ళకు ఆ చరిత్ర తెలియదు. చేయాల్సింది వేరే: నిల్వ పెట్టె సాఫ్ట్‌వేర్‌ను కొత్తది చెయ్యండి, ఎస్ఎంబి రెండో రకం, మూడో రకం ఉందేమో దాని సెట్టింగ్‌లో చూడండి, ఇంట్లో ప్రతి మనిషికీ ఒక పేరు, ఒక పాస్‌వర్డ్ పెట్టండి. పెట్టె మరీ పాతదైతే దానిలోని ఫైళ్ళు బయటికి తీసుకొని దానికి విశ్రాంతి ఇవ్వండి. మనం అరవై దాటినాక తీసుకోలేదా?

5. వీధి గేటు

చివరిది, ఊళ్ళో ఉన్న మనవడు చెన్నైలో ఉన్న మనవడితో ఆడాలనుకోవడం. ఇంటి లోపలి నెంబరు బయటికి చెల్లదని పైన చెప్పినాము. బయటి నుంచి వచ్చే మాట ఏ యంత్రానిదో రూటరుకు తెలియాలంటే, "ఈ తలుపు నెంబరుకు వచ్చినది ఫలానా కంప్యూటర్‌కు పంపు" అని రాసిపెట్టాల. అదే పోర్ట్ ఫార్వర్డింగ్. కౌంటర్ స్ట్రైక్‌కు 27015, మైన్‌క్రాఫ్ట్‌కు 25565 మామూలు తలుపులు.

అన్నీ సరిగ్గా రాసినా పనిచెయ్యకపోవడం ఇప్పుడు ఎక్కువైంది. కారణం 2011. ఆ ఏడాది ఫిబ్రవరిలో ప్రపంచ కోశంలో, ఏప్రిల్‌లో మన ఆసియా పసిఫిక్ కోశంలో మామూలుగా పంచే పాత రకం నెంబర్లు అయిపోయినాయి. 2012లో కంపెనీల కోసం 100.64తో మొదలయ్యే ప్రత్యేక వరుస ఇచ్చినారు. అంటే చాలా ఇళ్ళకు కలిపి బయటికి ఒకటే నెంబరు. మీ రూటరు బయటి నెంబరు 100.64 నుంచి 100.127 లోపల ఉంటే, మీ గేటుకు అవతల అపార్ట్‌మెంట్ గేటు ఇంకొకటి ఉందని అర్థం. దాని తాళంచెవి మీ దగ్గర లేదు. గంటలకొద్దీ రూటరుతో కుస్తీ పట్టొద్దు. కంపెనీని సొంత పబ్లిక్ నెంబరు అడగండి, లేదా కొత్త రకం ఐపీ అడ్రసు వాడండి, లేదా ఆట కంపెనీ సర్వరులోనే ఆడుకోమనండి. కంపెనీలకు కూడా అదే ఇష్టం. 1998 నాటి స్టార్‌క్రాఫ్ట్‌ను ఇంట్లో తీగతో ఆడుకోవచ్చు, 2010లో వచ్చిన రెండో భాగంలో ఆ వసతే తీసేసినారు.

ఒక్క హెచ్చరిక. ఆట తలుపు తెరిచినా తెరవండి, ఫైళ్ళ తలుపు 445ను మాత్రం ఎప్పటికీ బయటికి తెరవొద్దు. వానాక్రై వచ్చిన దారి అదే.

ఇదంతా మన సంఘానికి ఎందుకంటే

ఈ ఐదు అంతస్తులను ఇదే వరుసలో చూడండి: తీగ, నెంబరు, పేరు, తాళం, గేటు. కింద నుంచి పైకి. పైది చూసే ముందు కిందిది సరిగ్గా ఉందని తేల్చుకోండి. చాలా చిక్కులు మొదటి మూడింటిలోనే తేలిపోతాయి, తాళం దాకా పోనక్కరే ఉండదు.

తాళం మీద ఇంత పట్టుదల ఎందుకంటే, మన ఇళ్ళల్లోని ఆ ఫోల్డర్లలో ఉండేది సినిమాలు మాత్రమే కాదు. అవ్వలు పాడిన పెళ్ళి పాటలు, పాత శుభలేఖలు, భూమి పత్రాల నకళ్ళు, తాతలు తెలుగులోనూ తమిళ అక్షరాల తెలుగులోనూ రాసిన వంశ వివరాలు ఉండాయి. పుస్తకాల్లో ఎక్కని చరిత్ర అది. ఆంధ్ర నుంచి ఎన్ని తరాల ముందు వచ్చినామో చెప్పే కాగితం ఒకే ఇంట్లో, ఒకే డిస్కులో ఉంటుంది. పంచుకోవడం వేరే, భద్రం చేసుకోవడం వేరే. వానాక్రై లాంటిది ఒక కంప్యూటర్‌లో దూరితే, ఆ కంప్యూటర్ రాయగలిగిన పంచిన ఫోల్డర్లకు కూడా తాళం వేస్తుంది. నలుగురికి కనపడుతుంది కాబట్టి నాలుగు కాపీలు ఉన్నాయని అనుకోవద్దు. ఉన్నది ఒకటే.

కాబట్టి మూడు పనులు. పాత ఫోటోల, పాటల ఫోల్డరును చదవడానికి మాత్రమే అనే అనుమతితో పంచండి, రాసే అనుమతి ఇంట్లో ఒక్కరికే ఉంచండి. పిలకాయలు ఆటలు దించుకునే ఫోల్డరు వేరే పెట్టండి. ఇంకొక డిస్కులో కాపీ తీసి, ఏ తీగా తగలకుండా, వీలైతే ఇంకొక ఊళ్ళో చుట్టాల ఇంట్లో పెట్టండి.

ఎవరింట్లోనైనా విండోస్ 98, ఎక్స్‌పి కాలపు కంప్యూటర్ అటక మీద ఉంటే పాత సామాను వాళ్ళకు వేసే ముందు మాకు చెప్పండి. దాన్ని నెట్‌వర్కుకు తగిలించొద్దు. డిస్కు మాత్రం బయటికి తీసి, యుఎస్‌బి తొడుగులో పెట్టి, అది తిరిగేటప్పుడే కాపీ తీసుకుందాం. డిస్కులు కూడా పెద్దవాళ్ళ మాదిరే, అడగాల్సింది ఉంటే ఉన్నప్పుడే అడగాల.